పద్నాలుగు అక్షరాల పాదం

నవంబరు 6

మరదలికి,

ఆశీస్సులు. పెద్దదాన్ని కాబట్టి ఆ మాటతోనే మొదలుపెట్టాలి, ఇష్టం ఉన్నా లేకపోయినా.

ఫోను చేస్తే మాట సగంలో ఉండగానే పెట్టేస్తున్నావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరంలో ఒక సుఖం ఉంది. నన్ను ఆపాలంటే నువ్వు దీన్ని చింపాలి, చింపేముందు ఎలాగూ ఒకసారి చూస్తావు.

తమ్ముడు పోయి వచ్చే ఫిబ్రవరికి ఏడాది. ఆలోగా వాడి రాతలు పుస్తకంగా తెద్దామని నేనన్నాను, నువ్వు సరేనన్నావు, నలభై ఒక్క కాగితాలు జిరాక్సు తీయించి పంపావు. అంతవరకు బాగానే ఉంది. కాగితాలు విప్పి చూస్తే నాకు తల తిరిగింది. ఒక్కో పేజీలో ఆరు ముక్కలు, ఏడు ముక్కలు, ఎవరో కత్తెర పెట్టి కత్తిరించినట్టు. ఒక ముక్కకి క్రియ లేదు, ఇంకోదానికి కర్త లేడు. పదేళ్లప్పుడే నా పక్కన కూర్చుని కందపద్యం అల్లినవాడు వాడు. వాడి చేత ఇలాంటివి ఎవరు రాయించారో నాకు తెలియదు. తెలిసినా ఇప్పుడు అనను.

నెల రోజులు కూర్చుని బాగుచేశాను. చాలావాటిని ఆటవెలదిలోకి తెచ్చాను, కొన్నిటిని తేటగీతిలోకి. రెండు మూడు కందాలయ్యాయి. ప్రెస్సాయన నా దగ్గర చదువుకున్నవాడే. మొదటి పదహారు పేజీల ప్రూఫు నీకు నేరుగా పంపిస్తానన్నాడు. హక్కుదారువి నువ్వు కాబట్టి నీ సంతకం లేనిదే అచ్చు వెయ్యడట. దాంతోపాటు వచ్చే కాగితం మీద సంతకం పెట్టి తిప్పి పంపు. ముందుమాట నేను రాస్తున్నాను, పద్యకవిగా వాడి గురించి.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అడగకపోతే అడగలేదంటావు.

ఇట్లు,
నీ మొగుడి అక్క


నవంబరు 14

వదినగారికి నమస్కారం.

ప్రూఫు అందింది. సంతకం పెట్టలేదు. పెట్టను.

నాకు ఛందస్సు రాదు. ఇరవై రెండేళ్లుగా కోర్టులో స్టెనోని. సాక్షి అన్నది అన్నట్టు పొట్టిలిపిలో, అదే షార్ట్‌హ్యాండులో, రాసుకుని, తర్వాత కూర్చుని టైపు చేస్తాను. ఉద్యోగంలో చేరిన రోజున మా పెద్ద గుమాస్తా నేర్పింది ఒక్కటే, ఎదుటి మనిషి మాటని బాగుచెయ్యకూడదు. సాక్షి తప్పుగా చెబితే తప్పే రాయాలి. 'నిన్న' అనబోయి 'మొన్న' అన్నా 'మొన్న' అనే ఉండాలి. దాన్నిబట్టి ఒక మనిషి జైలుకి వెళ్లొచ్చు, ఇంటికి వెళ్లొచ్చు.

మీ తమ్ముడి మాటలు ఇవి:

నీళ్ల గ్లాసు
ఇక్కడే పెట్టు
చెయ్యి అందితే
అందుతుంది
లేకపోతే
చూస్తూ ఉంటాను

మీరు అచ్చుకి ఇచ్చింది ఇది:

నీళ్ళ గ్లాసు నిచట నిల్పుము నెమ్మదిన్
చేయి చాచి కొందు చెలిమితోడ

నీళ్ల గ్లాసుకి చెలిమి ఏమిటండీ? ఎవరితో, గ్లాసుతోనా, నీళ్లతోనా? ఆ 'నెమ్మదిన్' ఎందుకొచ్చింది? దిండులో దూది తక్కువైతే పాత గుడ్డలు కూరినట్టు ఉంది. సరే, అది పండితుల వ్యవహారం అనుకుందాం. కానీ ఆయన 'అందితే' అన్నారు, మీరు 'కొందు' అన్నారు. మీ పద్యంలో మనిషి చక్కగా చెయ్యి చాచి గ్లాసు తీసుకున్నాడు. 'లేకపోతే చూస్తూ ఉంటాను' అన్న మాట ఎక్కడికి పోయింది?

ఇవి వచన కవితలు. అచ్చు వేస్తే ఉన్నవి ఉన్నట్టు వేయండి. లేకపోతే పుస్తకమే వద్దు.

నా మోకాలు నా దగ్గరే ఉంది, మీరు బెంగపెట్టుకోకండి.

ఇట్లు,
మీ మరదలు


నవంబరు 20

మరదలికి ఆశీస్సులు, ఈసారి కొంచెం తక్కువ.

ఛందస్సు రాదని నువ్వే ఒప్పుకున్నావు, ఆ వెంటనే తీర్పు చెప్పావు. కోర్టు గాలి బాగా సోకినట్టుంది. నేను బడిలో ముప్పై మూడేళ్లు పద్యం చెప్పినదాన్ని. పిల్లలు వెనకనుంచి 'గణాల టీచరమ్మ' అని పిలిచేవాళ్లు, నేను విననట్టు నటించేదాన్ని. నీకూ ఒక పాఠం చెబుతాను, కూర్చుని విను.

పద్యం అంటే కొలత. గురువులు, లఘువులు గుంపులు కట్టి గణాలవుతాయి, గణాలు వరస కట్టి పాదమవుతాయి. వృత్తాలున్నాయి, ఉత్పలమాల, చంపకమాల లాంటివి. వాటిలో ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో ముందే పీటలు వేసి ఉంటాయి. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకి ఇరవై ఒకటి, ఒకటి ఎక్కువైనా తక్కువైనా ఒప్పుకోవు. కందం చిన్న ఇల్లే గానీ కట్టుబాట్లు ఎక్కువ. ఆరో గణం దగ్గర జగణమో నలమో తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు. సీసం ఉమ్మడి కుటుంబం లాంటిది, నాలుగు పొడుగాటి పాదాలూ అయ్యాక వెనక ఒక గీతపద్యం రాకపోతే గుమ్మం దాటదు. ఆటవెలది, తేటగీతి మాత్రం పెరట్లో పని చేసుకుంటూ కూడా చెప్పుకోవచ్చు. ద్విపద రెండు పాదాల నడక, ఎంత దూరమైనా అలుపు లేకుండా పోతుంది. ఇక గేయం ఉంది, దానికి గణాల బెడద లేకపోయినా తాళం తప్పకూడదు. వీటిలో దేనికైనా ఒక కట్టు ఉంటుంది. నీ వచన కవితకి ఏముంది? వాక్యాన్ని నిలువునా కోసి ఒకదాని కింద ఒకటి పేరిస్తే కవిత్వమైతే, కిరాణా కొట్టు చీటీ కూడా కవిత్వమే.

ఆ ముక్కలు ఎందుకొచ్చాయో నాకు తెలుసు. వాడు ముప్పై ఏళ్లు దుకాణాల బోర్డులు రాసి బతికాడు. చోటు చాలకపోతే మాటని కిందికి దింపడం వాడి చేతికి అలవాటు. కాగితం మీద కూడా బోర్డు మీద రాసినట్టే రాశాడు. ముక్కలన్నీ కలిపి చూస్తే లోపల పద్యం నడక ఉంది, నేను దాన్ని బయటికి లాగానంతే. 'నీళ్ళ'కి 'నిల్పుము' ఎంత చక్కగా యతి కుదిరిందో నీకేం తెలుస్తుంది, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు.

ఇంకో సంగతి. నిన్నటిదాకా అనకూడదనుకున్నాను. ఆ నలభై ఒక్క కాగితాల్లో ఒక్కటీ వాడి చేతిరాత కాదు. వాడి 'క' నాకు తెలియదా? నేనే దిద్దించాను. అవన్నీ నీ చేతిరాత. అడుగున తేదీ వేసి, దాని కింద గీత గీయడం కూడా నీ కోర్టు అలవాటే. ఇవి అసలు వాడివేనా? నువ్వు రాసి వాడి పేరు పెడుతున్నావా? చనిపోయినవాడు వచ్చి సాక్ష్యం చెప్పడని ధైర్యమా?

సూటిగా జవాబు రాయి.

ఇట్లు,
వాడి చేత అక్షరాలు దిద్దించినది


నవంబరు 28

వదినగారికి,

నమస్కారం ఇంతకుముందు ఉత్తరంలోదే సరిపెట్టుకోండి.

చేతిరాత నాదే. మాటలు ఆయనవి. సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. ఇది మీకు చెప్పొద్దని ఆయన నా చేత ఒట్టు వేయించుకున్నారు. మీరు నన్ను దొంగ అన్నాక ఆ ఒట్టు నేనెందుకు మొయ్యాలి?

'రెండు రోజుల జ్వరం' అని మీకు ఫోనులో చెప్పాను. అబద్ధం. ఎనిమిది నెలలు. ముప్పై ఏళ్లు పీల్చిన రంగులు, టర్పెంటైను ఊపిరితిత్తుల్లోకి దిగాయి. జూలైలో నిచ్చెన ఎక్కడం మానేశారు. ఆగస్టులో కుంచె పట్టుకుంటే చెయ్యి వణికేది. సెప్టెంబరు నుంచి మంచం, పక్కన ఆక్సిజన్ సిలిండరు. మీరు వచ్చేసరికి దాన్ని వెనక్కి పంపించేశాను. మంచం పక్కన నేల మీద గుండ్రటి మచ్చ చూసి ఇదేమిటని అడిగారు, గుర్తుందా? కుండ పెట్టామని చెప్పాను.

ఒకరోజు 'రాసుకుంటావా' అన్నారు. నాకు వేరే పద్ధతి రాదు, కోర్టులో రాసుకున్నట్టే పొట్టిలిపిలో రాసుకున్నాను. అక్కడ సాక్షి మాట మధ్యలో ఆగిపోతే మేము చిన్న అడ్డగీత పెట్టుకుంటాం. ఆయన ఊపిరి అందక ఆగిన ప్రతిచోటా ఆ గీత పెట్టాను. తర్వాత మామూలు అక్షరాల్లో ఎత్తిరాసేటప్పుడు గీత ఉన్నచోట కింది వరసకి దిగాను. మీరు కత్తెర అన్నారే, అది ఇది. ఒక వరస అంటే ఒక ఊపిరి. నేను ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. బోర్డు మీద చోటు చాలక కాదు, లోపల గాలి చాలక.

ఆ నీళ్ల గ్లాసు స్టూలు మీద ఉంది. ఆయన చెయ్యి అందలేదు. ఆ మాటలు నేను రాసుకోవడం అయ్యాక లేచి అందించాను. మీరు మాత్రం 'చెలిమితోడ' అందించారు.

ఎందుకు చెప్పొద్దన్నారో కూడా రాస్తాను, కడుపులో ఎందుకు ఉంచుకోవాలి. నాలుగేళ్ల కింద మీ రిటైర్మెంటు సభకి ఆయన కొత్త చొక్కా కుట్టించుకుని వచ్చారు. రాసుకున్నది మైకులో చదివారు. మీరు తర్వాత మైకు తీసుకుని, 'మా తమ్ముడు బోర్డులు బాగా రాస్తాడు, ఇప్పుడు చదివింది కూడా బోర్డే' అన్నారు. హాలంతా నవ్వింది. ఆయనా నవ్వారు. భోజనం చేయకుండా వచ్చేశాం. జబ్బు చేశాక మీకు కబురు చేద్దామంటే, 'వద్దు, అక్క వస్తే నా దగ్గుకి కూడా గురులఘువులు వేస్తుంది' అన్నారు. అది చెప్పడానికి ఆయనకి మూడు వరసలు పట్టింది.

ఇప్పుడు దిద్దండి.

ఇట్లు,
దొంగ


డిసెంబరు 12

మరదలికి,

పద్నాలుగు రోజులు జవాబు రాయలేదు. రాయలేకపోయాను.

ముందు కోపం సంగతి. ఎనిమిది నెలలు. వాడు వద్దంటే నువ్వు వినేశావా? వాడు చిన్నప్పుడు మందు వద్దనేవాడు, బడి వద్దనేవాడు, నేను ఒక్కటీ వినలేదు కాబట్టే వాడు మనిషయ్యాడు. రోగం వచ్చినవాడు వద్దన్న మాట పట్టుకుని పెళ్లాం చేతులు కట్టుకుని కూర్చుంటుందా? మైకులో నేనన్న మాట తప్పే. అందరి ముందూ అన్నాను, ఇప్పుడు ఈ కాగితం మీద ఒప్పుకుంటున్నాను, నువ్వు కావాలంటే మీ కోర్టులో దాఖలు చేసుకో. ఆ ఒక్క మాటకి ఎనిమిది నెలలు శిక్ష వేశారు మీరిద్దరూ కలిసి. పై కోర్టుకి పోయే వీలు కూడా లేకుండా చేశారు.

ఇక పని సంగతి. నేను దిద్దినవి పక్కన పెట్టేశాను. నీ జిరాక్సులు మళ్లీ తీసి, నాకు వచ్చిన విద్య ఒక్కటే కాబట్టి అదే చేశాను. అక్షరాలు లెక్కపెట్టాను. నువ్వు కింద తేదీలు వేశావు కాబట్టి నెలల వారీగా పేర్చుకున్నాను.

సెప్టెంబరులో 'బోర్డు మీద అక్షరానికి నీడ వేసేటప్పుడు' అన్నాడు. పదహారు అక్షరాలు. దాని కిందది, 'వెలుతురు ఏ పక్కనుంచి వస్తుందో ముందు అనుకోవాలి', పంతొమ్మిది. శార్దూలం పాదమంత. అప్పటికి ఊపిరి ఉంది వాడికి. నవంబరుకి ఎనిమిది, తొమ్మిది. జనవరిలో నీళ్ల గ్లాసు దగ్గర నాలుగు, అయిదు. ఫిబ్రవరి మొదటి వారానికి మూడు, మహా అయితే నాలుగు. ఒక్కచోట తప్ప ఎక్కడా అంతకు మించలేదు. నలభై ఒక్క కాగితాలు వరసగా పెట్టి పైకి చదివాను, నువ్వు చెప్పినట్టు వరస చివర ఆగుతూ. ఇరవయ్యో కాగితం దగ్గర లేచి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

యతి అంటే ఆగే చోటని ముప్పై మూడేళ్లు పిల్లలకి చెప్పాను. ఎవరు ఆగుతారు, ఎందుకు ఆగుతారు అని ఒక్కనాడూ అనుకోలేదు. వచన కవితకి కట్టు లేదన్నాను. ఉంది. నేను రాసిన ఆటవెలది కన్నా గట్టి కట్టు, తప్పించుకోవడానికి వీల్లేనిది. ఇది నీకు చెప్పడం నాకు ఇష్టం లేదు, కానీ నిజం కాబట్టి రాస్తున్నాను.

ఒక్కటి అడగాలి. ఆఖరి కాగితం ఇలా ఉంది:

కిటికీ
మూయకు
వెలుగు
గోడ దాకే
వచ్చింది
అక్కని
అడిగానని చెప్పు ఎప్పుడైనా కలిస్తే

మొదటిసారి చదివినప్పుడు ఆ చివరి పాదానికి ఏడ్చాను. వాడు నన్ను తలుచుకున్నాడని. ఇప్పుడు లెక్కపెడితే పద్నాలుగు అక్షరాలు. పైనున్నవి మూడు, మూడు, మూడు, నాలుగు, మూడు, మూడు. ఆ నెలంతటిలో నాలుగు దాటనివాడు ఇక్కడ ఒక్క ఊపిరిలో పద్నాలుగు ఎలా అన్నాడు?

ఇట్లు,
గణాల టీచరమ్మ


డిసెంబరు 18

వదినగారికి నమస్కారం.

మీకు లెక్కల పిచ్చి ఎక్కువైంది. మనిషి ఊపిరి తూకం రాయి కాదు, రోజూ ఒకేలా ఉండడానికి. దీపం ఆరేముందు ఒకసారి వెలుగుతుందంటారు. ఆ రోజు ఆయనకి కాస్త తెరిపిగా ఉంది. ఒక్క మాట ఎక్కువగా అన్నారు. అంతే.

మీకు మిగిలింది ఆ ఒక్క వరస. దాన్ని కూడా పీకి చూస్తున్నారు. ఎవరైనా తనని తలుచుకున్నారంటే సంతోషిస్తారు గానీ అక్షరాలు లెక్కపెడతారా? కొండని తవ్వి ఎలుకని పట్టినట్టుంది మీ వ్యవహారం.

మీరు పద్యాలు తీసేశానన్నారు కాబట్టి సంతకం పెట్టి ప్రెస్సాయనకి పంపుతున్నాను. ఇంతటితో ఈ ఉత్తరాలు ఆపేద్దాం. కోర్టులో ఏడాది చివరి పని చాలా ఉంది, నా కళ్లు మండుతున్నాయి.

ఇట్లు,
మీ మరదలు


డిసెంబరు 23

మరదలికి,

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు. నేను ఎలా అన్నాడని అడిగానంతే. నువ్వు నన్ను పిచ్చిదాన్ని చేసి, సంతకం పెట్టేసి, ఉత్తరాలు ఆపేద్దామన్నావు. నెల రోజుల కింద చావనైనా చస్తాను గానీ సంతకం పెట్టనన్న మనిషివి.

కాస్త తెరిపిగా ఉందన్నావు. తెరిపిగా ఉన్నవాడు పై ఆరు వరసలూ మూడు నాలుగు అక్షరాల్లోనే ఎందుకు అన్నాడు? 'అక్కని' దగ్గర ఊపిరి తెగింది. నువ్వే వరస మార్చావు, అంటే గీత పెట్టావు. గీత తర్వాత పద్నాలుగు. పోనీ ఊపిరి సంగతి వదిలెయ్, మాట సంగతి చూడు. వాడి వరసల్లో 'ఎప్పుడైనా', 'కలిస్తే' లాంటి తీరిక మాటలు నవంబరు తర్వాత ఒక్కటీ లేవు. ఊపిరి కరువైనవాడు తప్పనిసరి మాట మాత్రమే అంటాడు. 'ఎప్పుడైనా కలిస్తే' అన్నది మనం ఎదురుపడకూడదని కోరుకునేవాళ్లు అనే మాట. ఆ పాదం వాడిది కాదు. నేను నీళ్ల గ్లాసు దగ్గర 'చెలిమితోడ' పెట్టినట్టే ఇక్కడ ఎవరో కూరారు. కూరిన పాత గుడ్డ నాకు తెలుస్తుంది, నేనే కూరినదాన్ని కాబట్టి.

ఎత్తిరాసిన కాగితం నాకొద్దు. నువ్వు పొట్టిలిపిలో రాసుకున్న అసలు పేజీ పంపు. కోర్టులో పనిచేసేదానివి, అసలు ప్రతి దాచిపెడితే ఏమనుకుంటారో నీకు వేరే చెప్పక్కర్లేదు. అది వచ్చేదాకా అచ్చు ఆపమని ప్రెస్సాయనకి కబురు పెట్టాను.

ఇట్లు,
వాడి అక్క


జనవరి 20

వదినగారికి,

మీరు అడిగిన పేజీ దీనితో జతచేశాను. పొట్టిలిపి మీకు రాదు కాబట్టి మామూలు అక్షరాల్లో కింద రాస్తున్నాను. ఎవరితోనైనా చదివించుకుని సరిచూసుకోండి.

కిటికీ / మూయకు / వెలుగు / గోడ దాకే / వచ్చింది / అక్కని / రమ్మను /

అంతే. దాని తర్వాత పేజీ ఖాళీ.

అది మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకి. ఆయన పోయింది గురువారం మధ్యాహ్నం. మీ దగ్గర్నుంచి ఇక్కడికి బస్సు ఆరు గంటలు. ఆ రోజే ఫోను చేసి ఉంటే బుధవారం పొద్దున్నకల్లా మీరు ఆ మంచం పక్కన ఉండేవారు. ఆ లెక్క నేను ఏడాదిగా వేసుకుంటున్నాను, మీరు కొత్తగా వెయ్యక్కర్లేదు.

ఎందుకు చెయ్యలేదో రాస్తాను. ఒట్టు వేయించుకున్నారు కాబట్టి అని చెప్పుకోవచ్చు, కానీ ఆ ఒట్టు ఆయనే తీసేశారు. మీరు వస్తే ఆయన మీ తమ్ముడైపోతారు. మీకు ఆయన చిన్నతనం ఉంది, కందపద్యం ఉంది, 'క' దిద్దించిన పలక ఉంది. నాకు ఉన్నది ఆ ఆరు నెలలు, ఒక్కో ఊపిరీ ముందుకి వంగి విన్న ఆరు నెలలు. ఆఖర్న మీరు వచ్చి తలవైపు కూర్చుంటారు, నేను కాళ్లవైపు జరగాలి. నాకు జరగాలనిపించలేదు. రేపు చేద్దాంలే అనుకున్నాను. బుధవారం ఆయన మాట్లాడలేదు. తలుపు వైపు చూశారు. ఏం అడుగుతున్నారో నాకు తెలుసు. తెలిసి, దుప్పటి కప్పనా అని అడిగాను.

మీకు కాగితాలు ఎత్తిరాసి పంపేటప్పుడు ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. 'అక్కని' దగ్గర ఆపేస్తే మీరు అడుగుతారు. అందుకని ఆ వరస అల్లాను. మీకేదో ఇచ్చినట్టు ఉంటుంది, నేను చేసింది కనపడదు. ఇరవై రెండేళ్లలో నేను మార్చిన మాట అదొక్కటే. దానికి ఉద్యోగం తీసేస్తారు, తీసేయాలి కూడా. మీరు నలభై చోట్ల మార్చారు, నేను ఒక్కచోట. మీరు మార్చినదానితో ఆయనకి పోయిందేమీ లేదు.

మిమ్మల్ని క్షమించమని అడగను. క్షమిస్తే ఆ మాట నాకు చచ్చేదాకా గుర్తుచేస్తూనే ఉంటారు.

ఇట్లు,
మీ తమ్ముడి భార్య


జనవరి 24

మరదలికి,

ఆశీస్సులు ఈసారి కూడా రాయలేదు, చూసుకో.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పొట్టిలిపి తెలిసిన ఆవిడ ఒకరు మా వీధి చివర ఉన్నారు, ఆవిడ చేత ఆ పేజీ చదివించాను. 'అమ్మా, ఈ చివరి గీత మిగతావాటికన్నా గట్టిగా నొక్కి పెట్టారు' అంది. కాగితం వెనక్కి తిప్పి వేలితో తడిమాను. నిజమే, గుచ్చుకుంది.

నిన్ను క్షమించను. నువ్వు అడగలేదు, ఇద్దరికీ శ్రమ తగ్గింది. నేను వచ్చి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు. ఒక గంట ఏడ్చి, రెండో గంటకి నీ కాగితాలు లాక్కుని దిద్దడం మొదలుపెట్టేదాన్ని. నిన్ను కాళ్లవైపుకి జరిపేదాన్ని, అది కూడా నిజమే. అయినా ఆ తప్పులన్నీ వాడు కళ్లు తెరిచి ఉండగా చేసేదాన్ని. నువ్వు నాకు ఆ రెండు రోజులు లేకుండా చేశావు. మైకులో ఆ మాట అని నేను చేసుకున్నది నా చేతులారా చేసుకున్నాను, ఈ రెండు రోజులు మాత్రం నీ పని.

ప్రెస్సాయనకి చెప్పాను. నా పద్యాలు పోయాయి, ముందుమాట కూడా వద్దన్నాను. నలభై ఒక్క కాగితాలూ నువ్వు గీతలు పెట్టినచోటే విరిచి వేస్తాడు. ఆఖరి పాదం మూడక్షరాలు. ప్రూఫు నువ్వే చూడు, నేను చూస్తే చెయ్యి ఊరుకోదు.

శుక్రవారం పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను. మధ్యాహ్నానికి మీ వీధి మొదట్లో దిగుతాను. నువ్వు ఎదురు రావద్దు, టిఫిను గిఫిను పెట్టుకోవద్దు. వాడి గదిలో కాసేపు కూర్చుంటాను. నీకు కోర్టు ఉంటే వెళ్లు, తాళం పక్కింట్లో ఇచ్చిపో. ఇంట్లో ఉంటే తలుపు తియ్యి. నేను నీకోసం రావడం లేదు. వాడు రమ్మన్నాడు. కబురు నాకు ఇప్పుడే అందింది.

ఇట్లు,
వాడి అక్క